ఆరు నెలల సరుకు ఒకేసారి వేసేయాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మావారు ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు, జీతం చేతికి 46,000 వస్తుంది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తగారు. కిరాణాకు నెలకు 9,000 దాకా అవుతుంది. యుద్ధాల వల్ల నూనె, పప్పులు దొరకవని, ఈసారి తుపాన్లు గట్టిగా ఉంటాయని వాట్సాప్‌లో రోజూ ఏదో ఒకటి వస్తోంది. ఆరు నెలల సరుకు ఒకేసారి వేసేద్దామని మా మరిది పట్టుబడుతున్నాడు. అత్యవసరానికని బ్యాంకులో 80,000 దాచుకున్నాం. దాన్ని కదపకుండా క్రెడిట్ కార్డు మీద 40,000కు కొని, మిగతాది జీతంలో సర్దుకుని, కార్డు బాకీ ఆరు నెలల్లో తీర్చేద్దామని మావారి ఆలోచన. డీప్ ఫ్రీజర్ కూడా తీసుకుందామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కార్డు మీద మాత్రం వద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ లెక్క చూడండి.

ఆరు నెలల సరుకంటే మీకు 54,000. ఈ ఆరు నెలల్లో ధరలు కొద్దికొద్దిగా పెరుగుతూ చివరికి 10 శాతం ఎక్కాయనుకుందాం. మొదటి నెల సరుకు మీద మీకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, ఆఖరి నెల సరుకు మీద 10 శాతం మిగులుతుంది. సగటున 5 శాతం, అంటే 2,700 రూపాయలు. ఇక కార్డు సంగతి. బాకీ మిగిల్చి తీర్చుకుంటూ పోతే చాలా కార్డులు నెలకు మూడున్నర శాతం అటూ ఇటూగా వడ్డీ వేస్తాయి, మూడున్నరే అనుకుందాం. 40,000ను ఆరు సమాన భాగాలుగా తీర్చినా వడ్డీ 4,900 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 5,780. రెండు వేల ఏడొందలు మిగుల్చుకోవడానికి దాదాపు ఆరు వేలు కట్టడమన్నమాట. మీరు కొన్న సరుకులన్నీ కలిపి ఆరు నెలల్లో 20 శాతానికి పైగా పెరిగితే తప్ప ఈ బేరం గిట్టదు. పురుగు పట్టి పారబోసేది ఇందులో కలపలేదు.

పోనీ బ్యాంకులో ఉన్న 80,000 తీద్దామా అంటే, అదీ వద్దు. అది మీకు రెండు నెలల జీతం కూడా కాదు. మీవారిది ప్రైవేటు ఉద్యోగం, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. రాత్రిపూట అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే కౌంటర్ దగ్గర కందిపప్పు డబ్బా చూపించలేం కదా. డబ్బు ఎప్పుడు కావాలన్నా పప్పు అవుతుంది, పప్పును మళ్లీ డబ్బు చేయాలంటే కొనేవాడు దొరకడు.

భయంలో కొన్న సరుకుకు ఇంకో ఇబ్బంది ఉంది. దొరకదన్న మాట మన చెవిన పడేసరికి ధర సగం ఎక్కేసి ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పొద్దుతిరుగుడు నూనె ఎంత ఎక్కిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, నెల తిరగకుండానే నిషేధం ఎత్తేసింది. ఆ మధ్యలో అట్టపెట్టెల లెక్కన నూనె ప్యాకెట్లు కొన్నవాళ్లు, తర్వాత అంగట్లో ధర దిగుతుంటే ఇంట్లో మాత్రం ఆ ఎక్కువ ధర నూనే వాడుకున్నారు. 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపినప్పుడు అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి కోసం దుకాణాల ముందు బారులు తీరారు. ఇక్కడ మన పూర్ణా మార్కెట్‌లో బియ్యం లేని రోజంటూ లేదు. ధరలు మరీ ఎక్కితే ప్రభుత్వం ఎగుమతులు ఆపుతుంది, దిగుమతి సుంకం తగ్గిస్తుంది, వ్యాపారుల నిల్వలకు పరిమితి పెడుతుంది. ధర ఎక్కువగానే ఉండొచ్చు, కానీ వంటసరుకు అసలే దొరకని పరిస్థితి మన ఊళ్లో అరుదు.

ఇక తుపాను సంగతి. మీ మరిది భయంలో నిజం ఉన్నది ఇక్కడే, కానీ ఆయన వేసుకున్న జాబితానే తప్పు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరువైనవి ఏవో గుర్తు చేసుకోండి. బియ్యం కాదు, పప్పు కాదు. కరెంటు రోజుల తరబడి లేదు. మోటారు ఆడక నీళ్లు లేవు. పాల ప్యాకెట్ కోసం, వాటర్ టిన్ కోసం, పెట్రోలు కోసం క్యూలు. ఫోన్లకు సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. ఖాతాలో లక్షలున్నవాళ్లూ జేబులో నోట్లు లేక ఇబ్బంది పడ్డారు. ఇప్పుడైతే కొత్తిమీర కట్టకు కూడా ఫోన్‌పే కొడుతున్నాం కాబట్టి ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువగా ఉంటుంది.

అందుకే మీ ఇంట్లో మొదట ఉండాల్సిన నిల్వ 5,000 రూపాయల నగదు. అందులో ఎక్కువ భాగం యాభై, వంద నోట్లుగా ఉండాలి. 500 నోటుకు చిల్లర ఆ రోజుల్లో ఎవరూ ఇవ్వరు. తర్వాత నీళ్లు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు మూడు లీటర్లు వేసుకుంటే ఐదుగురికి ఐదు రోజులకు 75 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు నాలుగు. ఇవి ఏడాది పొడవునా ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. తుపాను హెచ్చరికల కేంద్రం మన విశాఖలోనే ఉంది, మామూలుగా రెండు మూడు రోజుల ముందే చెబుతారు. చెప్పిన రోజే టిన్నులు తెప్పించుకుని, కరెంటు ఉండగానే ట్యాంకు నింపి, బండిలో పెట్రోలు కొట్టించుకోండి. సీసాల్లో పెట్రోలు ఇంట్లో దాచడం మాత్రం వద్దు, ఆ పని చేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

తిండి విషయంలోనూ కరెంటు పోయిన ఇంటిని ఊహించుకోండి. మినప్పప్పు ఐదు కిలోలున్నా గ్రైండర్ తిరగదు. అటుకులు, మరమరాలు, ఉప్మా రవ్వ, పాలపొడి, బిస్కెట్లు, కందిపొడి, ఆవకాయ ఉంటే నాలుగు రోజులు గడిచిపోతాయి. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, టార్చికి సెల్స్, పవర్ బ్యాంక్ పక్కన పెట్టండి. మీకు ఒకటే సిలిండర్ ఉంటే డిపాజిట్ కట్టి రెండోది తీసుకోండి. ఆ డిపాజిట్ కనెక్షన్ వదులుకున్నప్పుడు తిరిగి వస్తుంది, కాబట్టి దాన్ని ఖర్చుగా చూడకండి. అత్తగారికి బీపీ, షుగర్ మాత్రలు ఏవైనా ఉంటే ఒక నెలవి అదనంగా ఉంచండి. మీ మరిది చెప్పిన మొత్తం జాబితా కంటే నాకు ఈ మాత్రలే ముఖ్యంగా కనిపిస్తున్నాయి.

మామూలు కిరాణాకు నెలన్నర సరుకు చాలు. అంటే ఇప్పుడు తెచ్చేదానికి 4,500 రూపాయల సరుకు ఎక్కువ. అది కూడా ఒకేసారి కాదు, నెలకు 1,500 చొప్పున మూడు నెలలు బియ్యం, కందిపప్పు, నూనె కొంచెం ఎక్కువ తీసుకుంటే నిల్వ దానంతటదే తయారవుతుంది. కొత్తది వెనక్కి, పాతది ముందుకు పెట్టి వాడండి. అంతకు మించి వద్దనడానికి డబ్బొక్కటే కారణం కాదు, మన సముద్రపు గాలి కూడా. గాజువాక చెమ్మకు గోధుమపిండి, రవ్వ నెల దాటితే నమ్మకం లేదు. రవ్వను వేయించి పెట్టుకుంటే ఇంకొంచెం ఆగుతుంది. కందిపప్పును ఎండలో పోసి, బాగా చల్లారాక రెండు ఎండుమిరపకాయలు వేసి మూత బిగిస్తారే, మీ అత్తగారికి ఆ పద్ధతులన్నీ తెలిసే ఉంటాయి, అడగండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వానాకాలంలో బస్తాల్లెక్కన తెస్తే సగం కుళ్లు ఏరుకోవడమే.

బియ్యం కొనేటప్పుడు ఒక చిన్న సంగతి. 2022 జులై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది, అందుకే మిల్లులవాళ్లు 26 కిలోల బస్తా తెచ్చారు. మీలాంటి ఐదుగురి ఇంటికి ఐదు, పది కిలోల సంచుల కంటే ఆ బస్తానే లాభం.

నిజంగా డబ్బు మిగలాలంటే, కొరతని ఊహించుకుని కాకుండా పంట చేతికొచ్చే కాలం చూసి కొనండి. మన అమ్మమ్మలు ఏడాది సరుకు వేసింది అలాగే. కొత్త చింతపండు వేసవి మొదట్లో వస్తుంది, గింజ తీసి ఉప్పు కలిపి జాడీలో పెడితే ఏడాది ఆగుతుంది. ఎండుమిర్చి, పసుపు కూడా దాదాపు అప్పుడే. బెల్లానికి అనకాపల్లి మీకు పక్కనే, చెరకు ఆడే చలికాలంలో వెళ్లి నచ్చింది చూసి తెచ్చుకోవచ్చు. ఈ నాలుగింటికీ ఏడాది మొత్తానికి అయ్యే ఖర్చు మీ బడ్జెట్‌కు బరువు కాదు. వీటి కోసం ఇప్పటినుంచి నెలకు 500 వేరే కవర్లో పెట్టండి.

డీప్ ఫ్రీజర్ అడిగారు. మీరు భయపడుతున్నదే తుపాను కదా. అది వస్తే ముందు పోయేది కరెంటే. ఒకటి రెండు రోజులకే లోపలున్నదంతా కరిగిపోతుంది, నెలనెలా బిల్లు మాత్రం కట్టాలి. వద్దని మీవారికి చెప్పండి. ఆరు నెలల సరుకు 54,000లో కార్డు 40,000 పోగా, జీతంలో సర్దుదామనుకున్నది 14,000. అందులో ఈ నెల మామూలు కిరాణా 9,000 పోగా మిగిలే 5,000తో నేను చెప్పిన నగదు కవరు ఈ వారమే కట్టేయండి.