నెల్లూరు గొర్రె బొచ్చుతో ఇంట్లో ఉన్ని నూలు వడకవచ్చా?

వడకలేం, నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, ఒంటిమీద ఉన్నది పొట్టి వెంట్రుకే. నూలు నిలవాలంటే పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఉన్నిపోగు వంకీలు తిరిగి ఉంటుంది, పైన సన్నటి పొలుసులుంటాయి, అందుకే మెలిపెడితే బిగుస్తుంది. ఈ వెంట్రుకేమో తిన్నగా, బిరుసుగా ఉంటుంది. జోడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) గొర్రె వీపు మీది బొచ్చు చిటికెడు తీసి వేళ్ల మధ్య మెలిపెట్టి వదలండి, మెలి విప్పుకుని విడిపోతుంది. దక్కనీ గొర్రె ఉన్ని అలా కాదు, గొంగళ్లు నేసేది దానితోనే (అల్లికకు మాత్రం అదీ గరుకే, స్వెట్టర్‌కి మెరినో గొర్రె మెత్తటి ఉన్ని మేలు).

గొర్రె అంటే ఉన్నే అనుకోవడం మామూలు. పదేపదే కత్తిరిస్తే ఉన్ని వస్తుందనుకోవడమూ పొరపాటే, అది జాతిని బట్టి వచ్చేది. నెల్లూరు గొర్రె రకాలైన పల్ల, జోడిపి, దొర మూడూ మాంసానికి పెంచేవే.