యమహా ఎంటీ-15, ఎఫ్‌జెడ్-ఎస్: అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి రోజూ తిరగడానికి ఏది?

ఎఫ్‌జెడ్-ఎస్ తీసుకోండి. కాగితం మీద ఎంటీ-15దే పైచేయి: ఇంజిన్ శక్తి ఎఫ్‌జెడ్‌ది 12.4 పీఎస్, ఎంటీది 18.4. కానీ టార్క్, అంటే బండిని ముందుకు లాగే బలం, ఎక్కడ అందుతుందో చూడండి. ఎఫ్‌జెడ్‌కి 5500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే 13.3 న్యూటన్ మీటర్లు వచ్చేస్తాయి, ఎంటీకి 14.1 రావాలంటే 7500 దాకా తిప్పాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బండ్లన్నీ పాకుతుంటే అంత తిప్పే సందెక్కడిది? ఎఫ్‌జెడ్ రెండో గేర్లోనే సాఫీగా అందుకుంటుంది.

ట్యాంకు కూడా దీనిది 13 లీటర్లు, ఎంటీది 10. వెనక ఇంట్లోవాళ్లు కూర్చునేట్టయితే ఇక ఆలోచించక్కర్లేదు, ఎంటీ వెనక సీటు చిన్నది, ఎత్తు.

అయితే సెలవురోజుల్లో అనంతగిరి, శ్రీశైలం ఘాట్ అంటే ప్రాణమా? అప్పుడు ఎంటీయే. లిక్విడ్ కూలింగ్, ఆరో గేరు, 7400 ఆర్‌పీఎం దాటాక వీవీఏ (ఇంజిన్ వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) ఇచ్చే ఊపు ఎఫ్‌జెడ్‌లో లేవు. ఔటర్ రింగ్ రోడ్డు మాత్రం లెక్కలోంచి తీసేయండి, బైకుల్ని ఎక్కనివ్వరు.