స్కూల్ బాండ్‌కి ఓటెయ్యాలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

డాలస్‌కి ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా, ఫ్రిస్కో, మెకిన్నీ వైపు ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. స్కూల్ బాండ్. అంటే స్కూళ్లు కట్టడానికి ఓటర్లు ఒప్పుకుంటే స్కూల్ డిస్ట్రిక్ట్ తెచ్చుకునే అప్పు, అది తీరేది మన ప్రాపర్టీ టాక్స్‌తో. కొందరు కోపంగా రాశారు, కొందరు నిజంగానే అర్థం కాక అడిగారు. మా అబ్బాయి చదువంతా ఈ చుట్టుపక్కల స్కూళ్లలోనే సాగింది కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతాను, నా అభిప్రాయం ఉన్నచోట అది నా అభిప్రాయమనే చెబుతాను.

ఇంటి వెనకే ఎలిమెంటరీ స్కూలు ఉందని ఈ ఇల్లు కొన్నాం. రెండేళ్లు తిరక్కుండానే రీజోనింగ్ అని ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకి వెళ్లాలో మార్చేశారు. ఇప్పుడు పాప బస్సెక్కి ఇంకో స్కూలుకి వెళ్తోంది, అక్కడ క్లాసు పోర్టబుల్లో, అంటే బయట పెట్టిన తాత్కాలిక గదిలో. ఊరికే బాండ్ బాండ్ అని బిలియన్లు అడుగుతారు కదా, ఆ డబ్బంతా ఎటు పోతోంది? – ఒక తల్లి, ప్రాస్పర్

మీ బాధ నాకు కొత్త కాదమ్మా. మా అబ్బాయి నాలుగో తరగతి మొత్తం పోర్టబుల్లోనే చదివాడు. చెక్క ర్యాంపు మీద పిల్లలు నడుస్తుంటే దబదబమని చప్పుడు, ఆ చప్పుడు ఆగేదాకా టీచరు చెప్పేది ఆపి నిలబడేది. బాత్రూముకి వెళ్లాలంటే మెయిన్ బిల్డింగుకే వెళ్లాలి, ఇద్దరిద్దరు కలిసి, వాన పడుతుంటే హుడీ నెత్తి మీదికి లాక్కుని ఒకటే పరుగు. ఒకసారి టోర్నడో హెచ్చరిక వస్తే క్లాసంతా లైను కట్టి మెయిన్ బిల్డింగ్ కారిడార్‌లోకి వెళ్లి గోడకేసి తిరిగి తల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారట. సాయంత్రం వాడు అన్నం తింటూ మామూలుగా చెప్పాడు గానీ నాకు ముద్ద దిగలేదు.

ఇక డబ్బు సంగతి. ప్రాస్పర్ ఐఎస్‌డీకి, అంటే అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, 2020 దాకా ఉన్నది ఒక్కటే హైస్కూలు. 2020లో రాక్ హిల్, 2023లో వాల్‌నట్ గ్రోవ్ తెరిచారు. అంటే ఒకటి కాస్తా మూడేళ్లలో మూడయ్యాయి, వాటికి పిల్లల్ని పంపే ఎలిమెంటరీలు, మిడిల్ స్కూళ్లు వేరే. 2019లో ఓటర్లు సుమారు 1.3 బిలియన్ డాలర్ల బాండ్ ఒప్పుకున్నారు, అది చాలక 2023 నవంబర్‌లో దాదాపు 2.8 బిలియన్లు అడిగారు, మన లెక్కలో 20 వేల కోట్ల పైమాటే. టెక్సస్ చట్టం ప్రకారం నాలుగో తరగతి వరకు ఒక క్లాసులో 22 మందికి మించకూడదు, మించితే రాష్ట్రం దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. మీ సబ్‌డివిజన్ (కాలనీ) వెనక ఖాళీగా ఉన్న పొలంలో వచ్చే ఏడాది ఇళ్లు లేస్తే, ఆ ఇళ్లలోంచి వచ్చే ప్రతి 22 మంది చిన్నపిల్లలకీ ఒక గది, ఒక టీచరు కావాలి. పిల్లలు ముందొచ్చేస్తున్నారు, గది తర్వాత వస్తోంది, ఆ మధ్య కాలమే మీ పాప చదువుతున్న పోర్టబుల్.

బిల్డర్ల చేత కట్టించొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. టెక్సస్‌లో నీళ్లకీ రోడ్లకీ సిటీలు బిల్డర్ల దగ్గర ఇంపాక్ట్ ఫీజు వసూలు చేయొచ్చు, స్కూల్ డిస్ట్రిక్టులకి మాత్రం ఆ అధికారం లేదు. ఇది మారాలని నేను గట్టిగా అనుకుంటాను, కానీ అది ఆస్టిన్‌లో, రాష్ట్ర శాసనసభలో తేలాల్సిన విషయం, మీ పాప అప్పటికి కాలేజీకి వెళ్లిపోతుంది.

2023లో అడిగింది ఒకే ముద్దగా కాదు, నాలుగు విడి ప్రశ్నలుగా, వాటినే ప్రపోజిషన్లంటారు. కొత్త స్కూళ్లు, స్థలాలు, రిపేర్లకి సుమారు 2.4 బిలియన్లు ఒకటి, టెక్నాలజీకి 140 మిలియన్లు ఇంకొకటి, కొత్త స్టేడియానికి 94 మిలియన్లు, పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్‌కి ఒకటి. జనం స్టేడియాన్ని మాత్రం కొట్టేసి మిగతా మూడూ గెలిపించారు. నా ఓటు కూడా స్టేడియానికి పడలేదు, ఎందుకంటే 2019లో తెరిచిన 12,000 సీట్ల స్టేడియం మనకి ఉండనే ఉంది, గదులు లేని పిల్లలు ముందు. కాబట్టి "బాండ్‌కి ఎస్సా నోనా" అని ఎవరైనా అడిగితే, ఏ ప్రపోజిషన్‌కి అని తిరిగి అడగండి.

ఓటు కాగితం మీద పెద్దక్షరాల్లో 'ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు' అని ఉంటుంది. డిస్ట్రిక్ట్ వాళ్లేమో టాక్స్ రేటు పెరగదంటారు. ఇద్దరిలో ఎవరిది అబద్ధం? – సెలైనా నుంచి ఒక పాఠకుడు

ఎవరిదీ కాదు. 2019లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం ప్రతి స్కూల్ బాండ్ మీదా ఆ వాక్యం ఉండి తీరాలి, రేటు ఒక్క సెంటు పెరగకపోయినా సరే. అది చూసి చాలామంది అక్కడే నో నొక్కేస్తారు.

రేటు పెరగకపోవడం అంటే మీ బిల్లు పెరగకపోవడం కాదు, ఇది డిస్ట్రిక్ట్ వాళ్లు ఇంకా సూటిగా చెప్పాలి. మీ స్కూల్ టాక్స్‌లో రెండు ముక్కలుంటాయి. జీతాలు, కరెంటు, బస్సుల్లాంటి రోజువారీ ఖర్చుకి ఎం అండ్ ఓ, బాండ్ అప్పు తీర్చడానికి ఐ అండ్ ఎస్. ఈ రెండో ముక్క 100 డాలర్ల విలువకి 50 సెంట్లు దాటేట్టుంటే కొత్త బాండ్లు అమ్మడానికి రాష్ట్రం ఒప్పుకోదు. ప్రాస్పర్‌లో అది ఇప్పటికే 50 దగ్గరే ఉంది. ఉదాహరణకి మీ ఇంటి విలువ 6 లక్షల డాలర్లనుకోండి, హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్, అంటే మీరుండే సొంతింటికిచ్చే మినహాయింపు, ఇప్పుడు స్కూల్ టాక్స్‌కి 1,40,000 డాలర్లు, అది తీసేస్తే మిగిలేది 4,60,000. దాని మీద 50 సెంట్ల చొప్పున ఏడాదికి 2,300 డాలర్లు మీరు భవనాల అప్పుకే కడుతున్నారు. రేటు అలాగే ఉండి ఇంటి విలువ పెరిగితే ఆ 2,300 కూడా పెరుగుతుంది. పాత అప్పు తీరుతున్నా రేటు దిగకుండా కొత్త అప్పు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. ఇది తెలిసి ఓటేయడం వేరు, "ఏమీ పెరగదటలే" అనుకుని ఓటేయడం వేరు.

ఇంకొకటి. ఓటు నెగ్గగానే 2.8 బిలియన్లు ఒక్కసారే అప్పు తెచ్చేయరు. అవసరాన్ని బట్టి విడతలుగా బాండ్లు అమ్ముతారు, ఆ 50 సెంట్ల గీత దాటకుండా. వడ్డీ తక్కువకే దొరకడానికి కారణం రాష్ట్రం హామీ, 1854లో పెట్టిన పర్మనెంట్ స్కూల్ ఫండ్ ఈ బాండ్లకి పూచీగా నిలబడుతుంది.

టీచర్లకి జీతాలు పెంచడానికి లేని డబ్బు బిల్డింగులకి ఎక్కడిది? – పేరు రాయని టీచర్

చట్టమే అలా ఉంది మేడమ్. బాండ్ డబ్బులోంచి ఒక్క డాలరు కూడా జీతాలకి తీయకూడదు. ఇంటికి తెచ్చిన లోనుతో నెలసరుకులు కొనలేం కదా, అలాంటిదే. జీతాల ముక్కలో రాష్ట్రం ఇచ్చే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 2025 దాకా పిల్లాడికి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, ధరలు మాత్రం ఆగలేదు. మీ కోపం న్యాయమైనదే, అయితే దాన్ని చూపించాల్సింది శాసనసభ మీద, బాండ్ మీద కాదు.

ఫ్రిస్కోలో 2024లో బాండ్ ఓడిపోయింది, ఆపైన ఒక స్కూల్ మూసేశారు. పక్కనే పిల్లలు లేక మూసేస్తుంటే ఇక్కడ కొత్తవి కట్టడం ఏంటండీ? – ఇద్దరు పిల్లల తండ్రి

ఈసారి వచ్చినవాటిలో నన్ను బాగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. రెండు దశాబ్దాల కిందట ఫ్రిస్కో ఇప్పటి ప్రాస్పర్ లాగే ఉండేది, స్కూళ్ల మీద స్కూళ్లు కట్టారు. తర్వాత ఖాళీ స్థలాలు నిండిపోయాయి, ఇళ్ల ధరలు చిన్నపిల్లలున్న కొత్త జంటలకి అందకుండా పోయాయి, అప్పుడు ఇళ్లు కొన్నవాళ్ల పిల్లలు పెద్దవాళ్లయి కాలేజీలకి వెళ్లారు, తల్లిదండ్రులు ఆ ఇళ్లలోనే ఉన్నారు. ఎన్‌రోల్‌మెంట్ పెరగడం ఆగి తగ్గడం మొదలైంది. 2024 నవంబర్‌లో దాదాపు 1.08 బిలియన్ల బాండ్ అడిగింది కొత్త పిల్లల కోసం కన్నా పాతబడ్డ భవనాల బాగోగుల కోసం ఎక్కువ. దాంతోపాటు టాక్స్ రేటు ప్రశ్న కూడా పెట్టారు. నాలుగు ప్రపోజిషన్లూ ఓడిపోయాయి. తర్వాత స్టేలీ మిడిల్ స్కూలుని 2024-25తో మూసేయాలని బోర్డు నిర్ణయించింది.

అందుకని ప్రాస్పర్‌లో కట్టొద్దని నేననను. ఇక్కడ పిల్లలు ఈరోజు ఉన్నారు, పోర్టబుల్లో ఉన్నారు. కానీ ఒక భవనం 40, 50 ఏళ్లుంటుంది, సబ్‌డివిజన్‌లో పిల్లల వయసు 15 ఏళ్లలో మారిపోతుంది. బోర్డు మీటింగుకి వెళ్లి అడగాల్సింది ఇది: పిల్లల సంఖ్య అంచనా వేసే డెమోగ్రాఫర్ రిపోర్టులో పదేళ్ల తర్వాతి అంకె ఎంత, ఆ అంకెలో ఎన్ని ఇళ్లకి ఇప్పటికే రోడ్లు, నీళ్ల పైపులు పడ్డాయి, ఎన్ని ఇంకా కాగితం మీదే ఉన్నాయి. చివరగా కట్టే రెండు మూడు స్కూళ్లని కావాలంటే ఆపుకునే వీలుందా అని కూడా అడగండి. జవాబు సరిగా చెప్పే బోర్డుకి నేను ధైర్యంగా ఓటేస్తాను. ఓటు పడినా అవసరం లేకపోతే బాండ్లు అమ్మక్కర్లేదు, అది గుర్తుపెట్టుకోండి.

మా మనవడి కోసం ఆర్నెల్లు ఉండి వచ్చాను. అక్కడ బడి కట్టాలన్నా జనం ఓటెయ్యాలట! డిస్ట్రిక్ట్ అంటే జిల్లాయే కదా, కలెక్టరు ఏం చేస్తాడు? – ఒక తాతగారు, తెనాలి

జిల్లా కాదు తాతగారూ. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అనేది బడుల కోసమే ఉన్న చిన్న ప్రభుత్వం, దానికి జనం ఎన్నుకున్న ఏడుగురు ట్రస్టీల బోర్డు ఉంటుంది, సొంతంగా పన్ను వేస్తుంది. దాని హద్దులకీ ఊరి హద్దులకీ సంబంధం లేదు. ప్రాస్పర్ ఐఎస్‌డీ కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంటుంది, ఫ్రిస్కో అడ్రసున్న ఇళ్లు కొన్ని కూడా దాని కిందికే వస్తాయి.

మన దగ్గర గది కట్టాలంటే సర్కారు నిధులివ్వాలి. ఆంధ్రలో 2019లో మొదలైన నాడు-నేడు కానీ, తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు మన బడి కానీ పైనుంచి వచ్చినవే. నాడు-నేడులో తల్లిదండ్రుల కమిటీలు పనులు చేయించాయి, కానీ కట్టాలా వద్దా అని వాళ్లని ఓటు అడగలేదు. టెక్సస్‌లో భవనాల భారం చాలావరకు అక్కడి ఇళ్లవాళ్ల మీదే పడుతుంది, అప్పు వాళ్లే తీర్చాలి కాబట్టి అడక్కుండా తేవడానికి లేదు. మీ మనవడు కూర్చునే బల్ల వాళ్ల పక్కింటివాళ్ల ఓటుతో వచ్చిందే.

హెచ్1బీ మీద పదకొండేళ్లుగా ఉన్నాం, ప్రాపర్టీ టాక్స్ పైసా బాకీ లేదు. పిల్లలిద్దరూ ఇక్కడి స్కూల్లోనే. మాకు ఓటు లేదు. ఇది అన్యాయం కాదా? – గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తున్న కుటుంబం

బాధ కలిగించే మాటే, మీలాంటివాళ్లు ఈ వీధుల్లో ఎంతమందో. కానీ ముందు ఒక హెచ్చరిక. డ్రైవర్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా రిజిస్టర్ అవుతారా అని అడిగితే పొరపాటున కూడా అవుననకండి, గ్రీన్‌కార్డ్ వచ్చాక కూడా అనకండి. సిటిజన్ కానివాళ్లు స్కూల్ బాండ్‌కి ఓటేసినా నేరమే, దేశం నుంచి పంపించేసేదాకా పోవచ్చు.

ఓటు లేకపోయినా నోరుంది. టెక్సస్ చట్టం ప్రకారం బోర్డు ఎజెండాలో ఉన్న అంశం మీద నిర్ణయం తీసుకునేలోపు జనాన్ని మాట్లాడనివ్వాలి, అక్కడ మీ వీసా ఎవరూ అడగరు. బాండ్‌లో ఏముండాలో మొదట చర్చించేది చాలాచోట్ల తల్లిదండ్రుల కమిటీలే. మనవాళ్లు అక్కడ ఇద్దరో ముగ్గురో కనిపిస్తారు, అదే వీకెండ్ పార్టీలో అయితే పోర్టబుల్స్ గురించి రెండు గంటలు మాట్లాడతాం.

మీ పక్కింట్లో సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు ఉంటారు, వాళ్లని కదపండి. ఎలక్షన్‌కి 30 రోజుల ముందే రిజిస్టర్ అవ్వాలి. మే నెలలో అయితే మొదటి శనివారం పోలింగ్, చాలామందికి తెలియకుండానే జరిగిపోతుంది. నవంబర్‌లో అయితే బాండ్ బ్యాలెట్‌లో బాగా కిందికి ఉంటుంది. పార్టీ పేరు మీద ఒక్క నొక్కుతో అంతా వేసేసే పద్ధతి 2020 నుంచి టెక్సస్‌లో లేదు, కాబట్టి ప్రెసిడెంట్‌కి వేసి బయటికొచ్చేస్తే స్కూలుకి వెయ్యనట్టే.

మా ఆయనకి 67, నాకు 64. ఇల్లు మా ఇద్దరి పేరునే ఉంది. బాండ్ నెగ్గితే మాకు ఎంత పడుతుంది? – మెకిన్నీ నుంచి ఒక అమ్మమ్మ

65 దాటినవాళ్ల స్కూల్ టాక్స్‌కి సీలింగ్ ఉంటుందమ్మా, ఇంటికి కొత్తగా గదులవీ కట్టుకుంటే తప్ప ఆ మొత్తం పెరగదు, బాండ్ నెగ్గినా పెరగదు. అంకుల్ వయసు సరిపోతుంది కాబట్టి ఇప్పుడే దొరుకుతుంది. ముందు అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) దగ్గర అంకుల్ వయసు నమోదైందో లేదో చూసుకోండి, కాకపోతే అప్లై చేయాలి. వాళ్ల సైట్‌లో ఫారం ఉంటుంది, రెండు పేజీలు కూడా పట్టదు, ఈ శనివారం కొడుకునో కోడలినో పక్కన కూర్చోబెట్టుకుని నింపేయండి.