దూడల రోటావైరస్, పసిపిల్లల రోటావైరస్ జన్యువులు మార్చుకుంటాయా?

హిందూపురం దగ్గర మీ ఇంట్లో దూడకూ పసిబిడ్డకూ ఒకే వారంలో విరేచనాలు పట్టుకున్నాయని, విరేచనాలు తెచ్చే రోటావైరస్‌లలో పశువుల రకం మనుషుల రకంతో జన్యువులు మార్చుకుంటుందని ఎవరో చెప్పారని, అది నిజమేనా అని మీరు అడిగారు. అలాంటి మార్పిడి జరగడం నిజమే. అయితే ఇద్దరికీ ఒకేసారి జబ్బు చేయడం అందుకు రుజువు కాదు.

నేను బెంగళూరులో పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో హెబ్బాళ చుట్టుపక్కల పాకల నుంచి తెచ్చిన దూడల పేడలో రోటావైరస్ కోసం వెతికేవాణ్ణి. పేడ నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్‌లో రాత్రంతా నడిపి, పొద్దున్నే సిల్వర్ నైట్రేట్‌తో రంగు వేస్తే ఈ వైరస్ జన్యుపదార్థం 11 గీతలుగా తేలుతుంది, ఎందుకంటే అది ఒకే పోగు కాదు, 11 విడివిడి ముక్కలు. ఒక దూడ నమూనాలో మాత్రం 14 గీతలు కనిపించాయి. పొరపాటు జరిగిందేమోనని మళ్ళీ చేసినా అవే వచ్చాయి. ఆ దూడ పేగులో రెండు రకాల రోటావైరస్‌లు ఒకేసారి ఉన్నాయని, వాటి ముక్కల్లో చాలావరకు ఒకే పొడవువి కాబట్టి గీతలు 22 కాలేదని అప్పుడు అర్థమైంది.

ఆ రెండూ ఒకే కణంలోకి చేరితే, కొత్తగా తయారయ్యే వైరస్ కొన్ని ముక్కలను ఒకదాని నుంచి, మిగిలినవాటిని రెండోదాని నుంచి తీసుకోగలదు. జన్యువుల నకలు తీసేటప్పుడు ఒక్కొక్క అక్షరం తప్పుపోవడం వల్ల వచ్చే మార్పులు నెమ్మదిగా పోగుపడతాయి కానీ, ఈ మార్పిడి ఒక్కసారిగా మొత్తం జన్యువునే మార్చేస్తుంది. 8 ముక్కల ఇన్‌ఫ్లుయెంజా, గొర్రెలకు నీలి నాలుక వ్యాధి తెచ్చే 10 ముక్కల వైరస్ కూడా ఇలాగే మారతాయి, అయితే ఏ జాతి వైరస్ ముక్కలు ఆ జాతి వైరస్‌లతోనే కలుస్తాయి. అలా కలిసినవాటిలోనూ ప్రోటీన్లు పరస్పరం పొసగక చాలా వైరస్‌లు నిలదొక్కుకోలేవు.

నిలదొక్కుకున్న వాటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచినది బెంగళూరుదే. అక్కడి నవజాత శిశువుల్లో దొరికిన ఐ321 రకాన్ని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు పరిశీలించగా, దాని పైపొరలోని రెండు ప్రోటీన్లూ పశువుల వైరస్ ప్రోటీన్లతో బాగా సరిపోలాయి. అయినా ఆ శిశువులకు విరేచనాలు కాలేదు. ఢిల్లీ శిశువుల్లో దొరికిన 116ఇ రకంలోనూ పైపొర ప్రోటీన్లలో ఒకదాన్ని తయారుచేసే వీపీ4 అనే జన్యువు పశువుల వైరస్ దానిని పోలి ఉంది. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ టీకాకు మూలం ఆ 116ఇ రకమే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం 2016లోనే ఉచిత టీకాల జాబితాలో రోటావైరస్ టీకాను చేర్చింది. కాబట్టి మీ బిడ్డకు 6, 10, 14 వారాల చుక్కలు పడ్డాయో లేదో దయచేసి ముందు చూడండి.

మీ ఇంట్లో ఏం జరిగిందో తేలాలంటే, విరేచనాలు మొదలైన తొలి రోజుల్లోనే బిడ్డ నమూనా, దూడ నమూనా విడివిడిగా మంచులో పెట్టి పరీక్షకు పంపాలి. రెండింటిలోనూ రోటావైరస్ ఉందని తేలినా సరిపోదు, రెండు వైరస్‌లలోని 11 ముక్కల జన్యు అక్షరాల వరుసలనూ పక్కపక్కన పెట్టి పోల్చాలి.