‘పన్ను ఎగవేత సలహాదారు’ అనవచ్చా?

సందేహం: అమెరికాలో ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ లాయరుగా పనిచేస్తున్న మా బంధువు గురించి తెలుగు సంఘం సావనీరుకి పరిచయం రాస్తున్నాను. ‘కేంద్ర ఆదాయ పన్ను న్యాయవాది, పన్ను ఎగవేతలో కంపెనీలకు సలహాలిస్తారు’ అని రాశాను. ‘కేంద్ర’ కాదు, ‘సమాఖ్య’ అనాలని ఒకరు, ‘పన్ను న్యాయవాది’ అంటే దంతాలు గుర్తొస్తాయని ఇంకొకరు అన్నారు. ఏది సరి?

సమాధానం: ముందు ‘ఎగవేత’ను కొట్టేయండి. బాకీ ఎగవేశాడన్నా, కౌలు ఎగ్గొట్టాడన్నా కట్టాల్సింది కట్టలేదనే అర్థం. ఇంగ్లీషు ‘ఇవేజన్’కి అది సరిగ్గా సరిపోతుంది. అమెరికా పన్నుల కోడ్ 7201వ సెక్షను కింద అది నేరం, ఐదేళ్ల దాకా జైలు. మీ బంధువు సలహా ఇచ్చేది ‘అవాయిడెన్స్’ మీద, అంటే చట్టం ఇచ్చిన వీలును వాడుకుని పన్ను తగ్గించుకోవడం మీద. ఇంగ్లీషులో పక్కపక్కన కనిపించే ఈ రెండు మాటల మధ్య జైలు గోడ ఉంది. చట్టబద్ధంగా పన్ను తగ్గించుకునే హక్కును 1935లో గ్రెగరీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అదే తీర్పులో, వ్యాపార ప్రయోజనమేమీ లేని కాగితాల ఏర్పాటును మాత్రం చెల్లనివ్వలేదు. కాబట్టి ‘పన్ను భారం తగ్గించుకునే మార్గాలు’ అనండి.

‘మినహాయింపు’ దగ్గరా జాగ్రత్త. డిడక్షన్‌నీ క్రెడిట్‌నీ మన పత్రికలు ఆ ఒక్క మాటతోనే సరిపెడుతుంటాయి. 22 శాతం శ్లాబులో ఉన్నవారికి వెయ్యి డాలర్ల డిడక్షన్‌తో మిగిలేది 220 డాలర్లే; వెయ్యి డాలర్ల క్రెడిట్‌తో పన్నులోంచి ఏకంగా వెయ్యీ పోతుంది. మొదటిది ‘ఆదాయంలో మినహాయింపు’, రెండోది ‘పన్నులో తగ్గింపు’ అంటే తికమక ఉండదు.

‘కేంద్ర’ తప్పు కాదు గానీ, చదవగానే ఢిల్లీ గుర్తొస్తుంది. ‘సమాఖ్య’ అంటే మన ఊళ్లలో ముందు తట్టేది మహిళా సమాఖ్యే. అమెరికాలో చాలా రాష్ట్రాలు తమ ఆదాయ పన్ను వేరుగా వేస్తాయి, టెక్సస్, ఫ్లోరిడా లాంటివి వ్యక్తుల మీద వేయవు. ఆ తేడా తెలియాలి కనుక అందరూ అనే ‘ఫెడరల్’నే ఉంచండి. ‘ఆదాయ పన్ను’, ‘ఆదాయపు పన్ను’ రెండూ వాడుకలో ఉన్నవే.

దంతాల భయం అక్కర్లేదు. నోట్లో పన్ను సమాసంలో ‘పంటి’ అవుతుంది (పంటి నొప్పి), బహువచనంలో ‘పళ్లు’. కట్టే పన్ను ‘పన్నులు’ అవుతుంది. ‘పన్నుల న్యాయవాది’ అంటే ఏ సందేహమూ మిగలదు.

ఒట్టి ‘పన్నుల సలహాదారు’ మాత్రం చాలదు. సీపీఏలూ (లైసెన్సున్న అకౌంటెంట్లు), ఎన్‌రోల్డ్ ఏజెంట్లూ (ఐఆర్ఎస్ గుర్తింపున్న పన్ను నిపుణులు) కూడా ఆ పేరుకి సరిపోతారు; వాళ్లూ అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ముందు పన్నుదారు తరఫున హాజరవుతారు. లాయరూ హాజరు కావచ్చు, కానీ ఆయన మామూలుగా మూడేళ్ల జేడీ (అక్కడి న్యాయశాస్త్ర డిగ్రీ) చదివి, రాష్ట్ర బార్‌లో చేరినవారు. చాలామంది పైన ఏడాది పన్నుల ఎల్‌ఎల్‌ఎం కూడా చేస్తారు. పన్ను తక్కువ పడిందని ఐఆర్ఎస్ నుంచి ‘నోటీస్ ఆఫ్ డెఫిషియెన్సీ’ వచ్చాక సాధారణంగా 90 రోజుల్లో టాక్స్ కోర్టులో పిటిషన్ వేయాలి. గడువు దాటితే చాలాసార్లు ముందు సొమ్ము కట్టి, ఆ తర్వాత వాపసుకి దావా వేయాల్సి వస్తుంది. మీ బంధువు ఇలాంటి వ్యాజ్యాలు వాదిస్తే ‘న్యాయవాది’ చక్కగా అతుకుతుంది. కోర్టు మెట్లెక్కకుండా కంపెనీల విలీనాలకు పన్ను ఎలా వర్తిస్తుందో అభిప్రాయం రాసిచ్చేవారైతే ‘పన్నుల చట్ట నిపుణులు’ నయం.

మీ వాక్యం ఇలా ఉండొచ్చు: ‘అమెరికా ఫెడరల్ ఆదాయ పన్ను చట్టంలో నిపుణులైన న్యాయవాది, చట్టానికి లోబడి పన్ను భారం తగ్గించుకోవడంపై కంపెనీలకు సలహాలిస్తారు.’