రిపోర్టులో పీడీడీ అని ఉంది, ఇంటర్‌లో ఏ గ్రూపు?

ప్రశ్న: మా అబ్బాయి టెన్త్ పాసయ్యాడు. నాలుగేళ్ల వయసులో డాక్టరు 'పీడీడీ-ఎన్ఓఎస్' అని రాసిచ్చారు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. లెక్కల్లో మార్కులు బాగానే వస్తాయి. స్నేహితులు లేరు, గోల అస్సలు పడదు. ఖాళీ దొరికితే మా మందుల షాపులోనే ఉంటాడు. చుట్టాలంతా ఎంపీసీలో చేర్చి హాస్టల్లో వేస్తే దారిలో పడతాడంటున్నారు. వయసొస్తే ఇది పోతుందా? ఉద్యోగం చేసుకోగలడా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు హాస్టల్ సంగతి. వద్దు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఒక్కో గదిలో ఆరేడుగురు, మెస్సులో పళ్లాల చప్పుడు. గోల పడని పిల్లాడి బలమంతా వాటిని ఓర్చుకోవడానికే సరిపోతుంది, చదువుకి మిగలదు. ఇంటి నుంచి వెళ్లొచ్చే చిన్న కాలేజీ చూడండి. చేర్చేముందు ఒకసారి మధ్యాహ్నం లంచ్ వేళ బాబును అక్కడికి తీసుకెళ్లండి. ఆ అరగంటలో అతను ఎలా ఉన్నాడో చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక ఆ రిపోర్టు. ఆటిజం, ఆస్పర్జర్స్, రెట్ వంటి ఐదు ఎదుగుదల సమస్యలను కలిపి అప్పట్లో పర్వేజివ్ డెవలప్‌మెంటల్ డిజార్డర్స్, పొట్టిగా పీడీడీ అనేవారు. లక్షణాలు ఉన్నా మిగతా నాలుగింటిలో దేనికీ పూర్తిగా సరిపోని పిల్లలకు 'ఎన్ఓఎస్' అని రాసేవారు. 2013లో డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన పుస్తకం) వచ్చాక ఆ విభజన తీసేసి, రెట్‌ను పక్కన పెట్టి, మిగతావాటికి ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అనే ఒకే పేరు పెట్టారు. అందుకే పాత కాగితం చూసి "ఇలాంటిది ఇప్పుడు లేదండీ" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. సైకియాట్రిస్టు దగ్గరో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరో మళ్లీ పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాలున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి వెళ్లినా మంచిదే. మన దేశంలో ఆటిజం ఎంత ఉందో కొలవడానికి 40 అంశాల 'ఐఎస్ఏఏ' స్కేలు వాడతారు.

వయసొస్తే పోతుందా అన్నారు. పోదమ్మా. మెదడు ఎదిగిన తీరే అది. కాకపోతే వయసుతో దాని రూపు మారుతుంది. చిన్నప్పుడు పిలిస్తే పలకకపోవడం, ఆడిన ఆటే మళ్లీ మళ్లీ ఆడటం కనిపిస్తాయి. పెద్దయ్యాక ఎదుటివాళ్లు నోటితో చెప్పనిది అర్థంకాక ఇబ్బంది పడతారు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి 29 ఏళ్లు, బీకామ్. ఆడిట్ ఆఫీసులో పని. బాస్ "తర్వాత చూద్దాంలే" అంటే ఆ ఫైలు పక్కన పెట్టి, ఎప్పుడు చూస్తారా అని వారాల తరబడి ఎదురుచూసేవాడు. సోమరి అని పేరు పడింది. ఏ పని ఏ రోజుకి కావాలో కాగితం మీద రాసివ్వమని అడిగించాను. ఇప్పుడు ఆ ఆఫీసులో జీఎస్టీ ఎంట్రీలన్నీ అతనివే. తనకు ఆటిజం ఉందని అతనికి తెలిసింది మాత్రం నిరుడే. అన్నేళ్లు తనను తాను తిట్టుకుంటూ గడిపాడని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

మీ అబ్బాయి షాపులో ఏం చేస్తుంటాడో మీరు రాయలేదు. ఒక్క వారం గమనించండి. స్ట్రిప్పులను ఎక్స్‌పైరీ తేదీల వరసలో పెడుతున్నాడా? స్టాక్ రిజిస్టర్‌లో తేడా పట్టుకుంటున్నాడా? లేక కౌంటర్ వెనక చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుందని కూర్చుంటున్నాడా? మందుల మీదే ఆసక్తి ఉంటే ఎంపీసీ అయినా బైపీసీ అయినా డీఫార్మసీకి దారి ఉంది. రిజిస్టర్ల మీద ఉంటే సీఈసీ లేదా ఎంఈసీ తీసుకుని అకౌంట్స్ వైపు వెళ్లవచ్చు. లెక్కల్లో మార్కులు వచ్చాయి కదా అని ఇంజినీరింగ్ ఒక్కటే దారి అనుకోకండి.

సర్టిఫికెట్ విషయంలో మొహమాటపడి ఆలస్యం చేసే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన అని ధ్రువీకరిస్తే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల కోటా వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు ఉన్న 4 శాతంలో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం వంటి కొన్నింటికి కలిపి కేటాయించారు. దివ్యాంగుల గుర్తింపు కార్డుకు (యూడీఐడీ) ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (చెబితే రాసిపెట్టే సహాయకుడు) కావాలంటే కాలేజీలో చేరిన మొదటి నెలలోనే ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి. హాల్‌టికెట్లు వచ్చాక పరుగెత్తితే టెన్షనే మిగులుతుంది.

మీ ఉత్తరంలో చుట్టాల మాట ఉంది, డాక్టరు మాట ఉంది. బాబు మాట లేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే "ఏమో" అనవచ్చు. ఒక తెల్లకాగితం మీద మూడు కాలేజీలు, మూడు గ్రూపుల పేర్లు రాసి, నచ్చినదానికి టిక్ పెట్టమని అతని బల్ల మీద ఉంచండి. రెండు రోజులు పట్టినా తొందరపెట్టకండి. ఆ కాగితంతో, కొత్త రిపోర్టుతో మళ్లీ రాయండి.