ఫోన్‌లో చూసి చెప్పే ఫత్వా (మతపరమైన సలహా) నమ్మొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది కడప. మా తమ్ముడు ఆలిం (మత పండితుడి) కోర్సు అయిపోయి ఇప్పుడు ముఫ్తీ (ఫత్వాలిచ్చే పండితుడి) కోర్సు చేస్తాన్నాడు. అమ్మకు 5 తులాల బంగారం ఉంది, జకాత్ (ఏటా ఇచ్చే తప్పనిసరి దానం) కట్టాల్నా అని అడిగితే ఫోన్ తీసి రెండు నిమిషాల్లో "85 గ్రాములు దాటలేదు, అక్కర్లేదు" అనేసినాడు. మసీదు హజ్రత్ ఏమో కట్టాల్సిందే అంటాడు. ఎవరి మాట వినాల?
– ఒక సోదరి, కడప

జవాబు: హజ్రత్ మాటే నిలబడేట్టు ఉందమ్మా. తమ్ముడు ఫోన్ చూసినాడని కాదు, అమ్మను ఒక్క మాట కూడా తిరిగి అడగలేదు, అక్కడొచ్చింది చిక్కు. మన దిక్కు ఎక్కువమంది హనఫీలే (ఇస్లాం ధర్మశాస్త్రంలో ఒక సంప్రదాయం వాళ్లే) కదా, ఆ లెక్కలో బంగారం ఒక్కటే ఉంటే జకాత్ పడేదానికి 87.48 గ్రాములు, అంటే ఏడున్నర తోలాలు ఉండాల (షాపుల్లో తులమంటే 10 గ్రాములే, కితాబుల్లో తోలా 11.664, దీంతోనే సగం మంది తికమక పడతారు). 85 అనేది ఎక్కువగా అరబ్బు దేశాల పండితులు చెప్పే లెక్క. సరే అదట్లుంచితే, బంగారంతో పాటు వెండి కాళ్ల పట్టీలైనా, పొదుపు సంఘంలో దాచిన డబ్బైనా ఉందనుకో, అప్పులు తీసేసి అన్నీ కలిపి విలువ కట్టి 612.36 గ్రాముల వెండి ధరతో పోల్చాల, 5 తులాల బంగారమంటే ఈ రేట్లకు అది ఎప్పుడో దాటిపోయింటుంది. పట్టీలున్నాయా అని వాడు అడగనే లేదు!

అట్లని పిల్లోళ్లు ఫోన్ ముట్టుకోకూడదంటే నేనొప్పుకోను. మక్తబా షామిలా అనే డిజిటల్ లైబ్రరీలో వేల అరబీ కితాబులు ఫ్రీగా ఉన్నాయి, ఒక్క మాట కొడితే పేజీతో సహా చూపిస్తుంది, దేవ్‌బంద్ దారుల్ ఇఫ్తా (అక్కడి మదర్సాలో ఫత్వాలిచ్చే విభాగం) అయితే సైట్‌లోనే ఉర్దూలో, ఇంగ్లీషులో జవాబులిస్తుంది. కానీ ఆ జవాబు అడిగినోడి పరిస్థితికి రాసింది, మీ అమ్మకు కాదు. పైగా ఇంకో సైట్ చూస్తే "ఒంటిమీద వేసుకునే నగలకు జకాత్ లేదు" అని కూడా దొరుకుతుంది, షాఫయీల (ఇంకో సంప్రదాయం వాళ్ల) ప్రకారం అదీ కరెక్టే, హనఫీల్లో మాత్రం చెల్లదు. ఏ మజ్హబ్ (సంప్రదాయం) జవాబో చూడకుండా చెప్పేస్తే ఎట్లా?

ఇంకోటి, ఫత్వా కోర్టు ఆర్డర్ కాదు, దానికి చట్టబలం లేదని 2014లో సుప్రీంకోర్టే చెప్పింది, కాబట్టి ఇంట్లో దీనికోసం కొట్లాట వద్దు. నగలు రాళ్ల బరువు తీసేసి తూకం వేయించండి, బ్యాంకు పుస్తకం, అప్పుల లెక్క తమ్ముడి చేతికిచ్చి వాళ్ల ఉస్తాద్‌కు చూపించి రమ్మనండి. చంద్రమాన సంవత్సరం నిండింటే కట్టాల్సింది 2.5 శాతం.